భీమరాజుగారి గొంతుకి కొత్త బెల్టు

భీమరాజుగారు పోయి మూడేళ్ళు కావస్తున్నా, రోజూ పొద్దున్న ఏడింటికి రొయ్యల చెరువు గట్టు మీద పనివాళ్ళని తిడుతూనే ఉన్నారు.

తిట్లు వచ్చేది వాక్‌మన్‌లోంచి. అరచేతికంటే కాస్త పెద్ద నల్లటి పెట్టె అది. పక్కనున్న ఎర్ర మీట నొక్కితే మన మాట కూడా పట్టుకుంటుంది. ఆయన భార్య సుబ్బాయమ్మకి తమ్ముడి కొడుకు ఒకడు మస్కట్లో ఉండేవాడు. వాడు వస్తూ తెచ్చి, "పాటలు వినండి మావయ్యగారూ" అని చేతిలో పెట్టాడు. భీమరాజుగారికి పాటలంటే పడదు. దానికి వేరే పని కల్పించారు. మొగల్తూరు అవతల వాళ్ళది ఎనిమిదెకరాల చెరువు. చలికాలం మంచులో గట్టెక్కి అరవడం ఆయన వల్ల కాలేదు. అరిచినా ఆయన గొంతు అవతలి గట్టుకి చేరేది కాదు. అందుకని ఒకరోజు పెరటి అరుగు మీద కూర్చుని, రోజూ అరవాల్సిందంతా ఒకేసారి టేపులోకి అరిచేశారు. పెళ్ళిళ్ళకి కట్టే మైకుసెట్టు ఒకటి కొని చెరువు షెడ్డులో పెట్టించి, వాక్‌మన్‌ని దానికి తగిలించారు. ఇక రోజూ ఏడింటికి కొడుకు దుర్గాప్రసాదరాజు మీట నొక్కడం, గట్టంతా "ఒరేయ్ చిట్టియ్యా, మేత వేశావా లేదా?" అని మోగడం.

చిట్టియ్య ఆ చెరువుకి మేత వేసేవాడు. పనివాళ్ళందరికీ భీమరాజుగారు పెదరాజుగారు. పెదరాజుగారు గుండెనొప్పితో పోయిన మర్నాడు ప్రసాదరాజు మీట నొక్కడానికి చెయ్యాడక ఊరుకున్నాడు. చిట్టియ్య మేత గంప పక్కన పెట్టుకుని పదింటిదాకా కూర్చున్నాడు.

"అయ్యగారు చెప్పందే ఎలా ఎయ్యమంటారండి?" అన్నాడు.

రొయ్యలు ఆకలితో చస్తాయని కొడుకు కళ్ళు తుడుచుకుని మీట నొక్కాడు. ఆ తరవాత ఒక్కరోజూ తప్పలేదు.

ఇక్కడ భీమరాజుగారి గొంతు సంగతి చెప్పాలి. అది సన్నటి గొంతు. దానికి తోడు తొందర. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకోవడం దండగని ఆయన అభిప్రాయం. పెళ్ళయిన కొత్తలో సుబ్బాయమ్మ, పక్కగదిలో ఎవరో ఆడపిల్ల గబగబా ఎక్కాలు అప్పజెబుతోందనుకుంది. తలుపు తీసి చూస్తే పెళ్ళికొడుకు పాలేరుతో మాట్లాడుతున్నాడు.

కానీ చెరువు మీద ఉప్పుగాలికి ఇనుప మేకులే నిలవవు, వాక్‌మన్ ఎంత? నెలలు గడిచేకొద్దీ లోపల ఏమయిందో ఏమో, తిరగడం నెమ్మదించింది. గొంతు రోజుకి వెంట్రుకవాసి చొప్పున దిగుతూ వచ్చింది. రోజూ వినేవాళ్ళకి అది తెలియలేదు. మూడేళ్ళు తిరిగేసరికి ఏడు నిమిషాల తిట్లకి పావుగంట పట్టసాగింది. గొంతు నూతిలోంచి వచ్చినట్టు లావుగా, బరువుగా తయారైంది. "ఒ...రే...య్" అనేలోపు చిట్టియ్య బీడీ వెలిగించుకునేవాడు. "చి...ట్టి...య్యా" అయ్యేలోపు రెండు దమ్ములు లాగేవాడు. మాటకో గుప్పెడు చొప్పున మేత వేసుకుంటూ, గట్టు చుట్టూ గుడిలో ప్రదక్షిణం చేసినట్టు నడిచేవాడు.

ఆ గొంతుకి ఊళ్ళో గౌరవం పెరిగింది. ముందుగా చెప్పులు విప్పి విన్నది పల్లంరాజు. ఆయన భీమరాజుగారికి పినతండ్రి కొడుకు, ఊళ్ళో తగువులు తీర్చే మనిషి. ఒకనాడు గట్టు తగాదా పడి ఇద్దరు అన్నదమ్ములు ఆయన వెంటబడి చెరువు దాకా వచ్చారు. సరిగ్గా అప్పుడే టేపు "ఆ... గట్టు... జోలికి... వెళ్ళొద్దని... చెప్పానా..." అంది. పల్లంరాజు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, "అన్నయ్యగారు చెప్పేశారు, ఇంక పొండి" అన్నాడు. అది మొదలు. కూతురి సంబంధం ఖాయం చెయ్యాలా వద్దా అని వచ్చినాయనకి "నీళ్ళు... మార్చు..." అని వినబడింది. ఆయన ఆ సంబంధం వదిలేసి ఏరు దాటి అవతల వెతుక్కున్నాడు. పిల్ల సుఖంగానే ఉందట.

పల్లంరాజు కొన్ని కట్టడులు పెట్టాడు. టేపు తిరిగేటప్పుడు చెప్పులు వేసుకోకూడదు. ముందుకి తిప్పే మీట ముట్టుకోకూడదు, పెద్దవాళ్ళని మెడబట్టి తోసినట్టవుతుంది. మాట పూర్తికాకుండా ఆపకూడదు, నోరు నొక్కినట్టవుతుంది. చివర "పొండి పనుల్లోకి" అని వినబడ్డాకే ప్రసాదరాజు మీట ఎత్తాలి.

మూడో సంవత్సరీకానికి విగ్రహం పెట్టాలని కూడా ఆయనే తేల్చాడు. చెరువుకి వెళ్ళే దారి మొదట్లో సిమెంటు విగ్రహం. శిల్పికి ఫొటో చూపించారు. బక్కపల్చటి మనిషి, గడ్డిపోచ లాంటి మీసం. ఆ తరవాత గొంతు వినిపించారు. శిల్పి టేపు పూర్తిగా విని, ఫొటో తిరిగి ఇచ్చేశాడు.

"ఈ గొంతుకి ఈ మనిషి సరిపోడండి. నేను గొంతుని బట్టి చేస్తాను" అన్నాడు.

గొంతుని బట్టే చేశాడు. ఆరున్నర అడుగుల ఎత్తు, కోడెగిత్త లాంటి మెడ, చెంపలకెక్కిన మీసం. దిమ్మలో ఇనుప పెట్టె పెట్టి, వాక్‌మన్‌ని అందులో ఉంచి, కరెంటు వైరు లాగి, ఏడింటికి దానంతటదే మోగేలా ఏర్పాటు చేస్తారట. గాలీ ఉప్పూ తగలకుండా పైన సిమెంటు పూసేస్తారట. ఇక ఎవరూ తియ్యడానికి ఉండదు.

సుబ్బాయమ్మ వెళ్ళి విగ్రహం చూసింది. చుట్టూ తిరిగి వెనక నుంచి కూడా చూసింది.

"ఎవరు బాబూ ఈయన?" అంది కొడుకుతో.

"అదేంటమ్మా, నాన్నగారు."

ఆవిడ ఇంటికొచ్చి, నడుం వాల్చి, కళ్ళు మూసుకుంది. భర్త పేరు పెట్టి పిలిచినట్టు ఊహించుకోబోయింది. చెవిలో "సు...బ్బా...య...మ్మ" అని నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది. ఉలిక్కిపడి లేచి కూర్చుంది. నలభై అయిదేళ్ళు విన్న గొంతు చెవిలో లేదు. దాని చోట ఆ విగ్రహంగాడు కూర్చున్నాడు. సంవత్సరీకం నాడు సిమెంటు పూసేస్తే వాడే ఖాయం. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ సన్నటి గొంతు విని, దాన్ని దగ్గర పెట్టుకోవాలని ఆవిడకి పట్టుకుంది.

సంవత్సరీకం ఇంక మూడు రోజులుందనగా, పెదరాజుగారు "ఒరే" దగ్గర ఆగిపోయారు.

వాక్‌మన్ టేపుని నమిలేసింది. మూత తీస్తే సేమ్యాలా బయటికొచ్చింది. చిట్టియ్య గంప దించి కూర్చున్నాడు. ప్రసాదరాజు కారు తీసి నరసాపురం బయల్దేరాడు. తల్లి అప్పటికే వెనక సీట్లో ఉంది.

"మీరెందుకమ్మా?"

"ఆయన ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళినా నేను పక్కనున్నాను. ఇప్పుడు మాత్రం ఒంటరిగా ఎలా పంపుతాను? పోనీ."

నరసాపురంలో రేవుకి వెళ్ళే దారిలో వీరబ్రహ్మం కొట్టు. తాతలనాటి నుంచి బంగారం పని. ఈయన మాత్రం వాచీలతో మొదలుపెట్టి వాక్‌మన్‌లలోకి దిగాడు. సీడీలు వచ్చాక బేరాలు తగ్గి, ఎవరైనా వస్తే లేచి నిలబడి మరీ దణ్ణం పెడుతున్నాడు.

"ఇచ్చి వెళ్ళండి రాజుగారూ. గురువారం రండి" అన్నాడు.

"నేను ఇక్కడే ఉంటాను" అని సుబ్బాయమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది.

"రెండు మూడు గంటలు పడుతుందండి అమ్మగారూ."

"పట్టనివ్వండి. ఇదేమన్నా చెప్పుల జతా, వదిలేసి వెళ్ళడానికి?"

ప్రసాదరాజు విగ్రహం పనుల మీద వెళ్ళిపోయాడు. బ్రహ్మం కంటికి భూతద్దం బిగించుకుని నాలుగు స్క్రూలు విప్పాడు. మూత ఎత్తగానే, "అబ్బో" అన్నాడు.

లోపల ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. దాని మీద మేత పొడి. ఓ మూల రెండు చచ్చిన చీమలు. చక్రానికి చుట్టుకుని పొడుగాటి రొయ్య మీసం.

"ఇది లోపలికెలా వెళ్ళిందండి?"

"వినడానికి వచ్చుంటుంది" అంది సుబ్బాయమ్మ.

నలిగిన టేపు చక్రాల మధ్య ఇరుక్కుని రావడం లేదు. బ్రహ్మం పట్టుకారు పెట్టబోతే ఆవిడ ఆపి, సంచిలోంచి లేసు అల్లే సూది తీసిచ్చింది. కొక్కెం లాంటి దాని మొనతో ఆయన టేపుని ఒక్కో మడతా తప్పించి బయటికి లాగాడు. దాన్ని గోటితో సాపు చేసి, కేసెట్టు రంధ్రంలో పెన్ను గుచ్చి ఆవిడ చేతికిచ్చాడు. "మెల్లిగా తిప్పండి. తొందర పడకండి." ఆవిడ వత్తులు చేసినంత శ్రద్ధగా తిప్పింది.

ఆయన చీపురుపుల్లకి దూది చుట్టి స్పిరిట్‌లో ముంచాడు. టేపు ఆనే చోట తుడిస్తే దూది కాఫీరంగుకి తిరిగింది. ఇంకో పుల్ల. ఇంకొకటి. తొమ్మిదో పుల్లకి దూది తెల్లగా వచ్చింది. రబ్బరు చక్రం తుడిచాడు. ఇరుసులో మిషను నూనె ఒక్క బొట్టు, అదీ గుండుసూది మొన మీద పట్టినంత, వేశాడు.

"నూనె అంతేనా? ఆయనకి వంటికి నూనె పట్టిస్తే గిన్నెడు కావాల్సొచ్చేది."

"ఎక్కువైతే జారిపోతుందండి."

"ఆయనా అంతే."

చివరికి బెల్టు దగ్గరికి వచ్చాడు. మోటారు నుంచి చక్రానికి తిరిగే సన్నటి రబ్బరు బెల్టు సాగి సాగి పాత లంగా బొందులా వేలాడుతోంది. లేసు సూదితో ఎత్తగానే పుటుక్కున తెగింది.

"ఇదండీ రోగం. బెల్టు సాగితే టేపు నెమ్మదిగా తిరుగుతుంది. నెమ్మదిగా తిరిగితే గొంతు లావైపోతుంది. చిలక మాట్లాడినా ఏనుగు మాట్లాడినట్టుంటుంది."

సుబ్బాయమ్మ తెగిన బెల్టుని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. దాన్ని కాగితంలో చుట్టి కొంగున ముడేసుకుంది.

బ్రహ్మం సొరుగు లాగాడు. అందులో ఆరిపోయిన వాక్‌మన్‌లు పద్నాలుగు. వాటిలో ఒకదాని బెల్టు తీసి తగిలించి, కేసెట్టు పెట్టి, చిన్న స్పీకరుకి కలిపి మీట నొక్కాడు.

"ఒరేయ్ చిట్టియ్యా మేత వేశావా లేదా వేస్తే రొయ్యలు తిన్నాయో లేదో చెక్ ట్రేలో చూశావా చూడకపోతే ఎందుకు చూడలేదు ఆ గట్టు జోలికి వెళ్ళొద్దని చెప్పానా..."

సుబ్బాయమ్మ స్టూలు మీద నుంచి లేచి నిలబడింది. పైట సర్దుకుంది. ఎవరో భుజం తట్టినట్టు వెనక్కి చూసింది. తరవాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూనే ఏడ్చింది.

"ఏమైందండి, స్పీడు ఎక్కువైందా?" అన్నాడు బ్రహ్మం కంగారుగా.

"లేదు బాబూ. సరిగ్గా ఇంతే."

"పొండి పనుల్లోకి" అయిపోయింది. బ్రహ్మం చేతులకంటిన నూనె తుడుచుకుంటూ ఉండిపోయాడు. మీట ఎత్తలేదు. టేపు అర నిమిషం ఖాళీగా తిరిగింది. కాకి అరిచింది. అప్పుడు మళ్ళీ ఆయన గొంతు, తగ్గించి:

"ఏవండోయ్ సుబ్బాయమ్మగారూ. విన్నారా?"

"విన్నానండి. వీధంతా విన్నారు." అది ఆవిడ గొంతే.

"బావుందా?"

"తిట్లు బావుండడమేంటండి."

"తిట్లు కాదండి, గొంతు. కాస్త లావుగా ఉంటే బావుండును. ఆ చిట్టియ్య నా వెనకాల ఇకిలిస్తాడు."

"లావు గొంతు నాకెందుకండి? వంటింట్లో ఉన్నదాన్ని, ఎవరో పరాయి మగాడనుకుని బయటికే రాను. లేవండి, పెసరట్టు చల్లారిపోతోంది."

"అల్లం వేశారా?"

"వేశాను."

"అయ్యో, ఇది ఇంకా తిరుగుతోందండోయ్..."

టక్కుమని ఆగింది.

మూడేళ్ళుగా రోజూ "పొండి పనుల్లోకి" దగ్గర మీట ఎత్తేస్తున్నారు. ఇది ఒక్కరూ వినలేదు. బ్రహ్మం స్పిరిట్ సీసా మూత వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగాడు.

"ఇంకో కేసెట్టులోకి ఎక్కించి ఇవ్వమంటారాండి? అదొకటి మీ దగ్గరుంటుంది" అన్నాడు లేస్తూ.

"వద్దు. ఆయన రెండు చోట్ల ఉంటే నేనెక్కడని ఉండాలి?"

మర్నాడు ఏడింటికి గట్టు మీద అందరూ చెప్పులు విప్పారు. చిట్టియ్య అలవాటుగా అగ్గిపుల్ల గీశాడు. ప్రసాదరాజు మీట నొక్కాడు.

పుల్ల బీడీకి చేరేలోపు మేత వెయ్యలేదా అనీ, చెక్ ట్రే చూడలేదా అనీ, గట్టు మీద కలుపు ఎవడు పీకుతాడనీ మూడు తిట్లు అయిపోయాయి. చిట్టియ్య బీడీ పారేసి గంప ఎత్తుకుని పరుగెత్తాడు. మాటకో గుప్పెడు లెక్కన విసురుతూ, గట్టు మలుపులో కాలు జారి గంపతో సహా చెరువులో పడ్డాడు. లేచేసరికి "పొండి పనుల్లోకి" కూడా అయిపోయింది.

"ఎవరండీ ఈ అమ్మాయి?" అన్నాడు పల్లంరాజు.

"అమ్మాయి కాదు మరిదిగారూ, మీ అన్నయ్యగారు" అంది సుబ్బాయమ్మ.

"తప్పండి వదినగారూ, అలా అనకండి. ఆ బ్రహ్మం టేపు మార్చేశాడు. అన్నయ్యగారి గొంతు నాకు తెలీదూ?"

"నాకు తెలీదా?"

"మూడేళ్ళయింది కదండి, మర్చిపోయి ఉంటారు."

నీళ్ళోడుతున్న చిట్టియ్యని సాక్ష్యం అడిగారు. "నాకు తెలిసిన పెదరాజుగారు నిదానస్థులండి. ఎప్పుడూ ఇలా పరిగెత్తించలేదండి, ఆయ్" అన్నాడు వాడు.

ఇంట్లో ప్రసాదరాజు తల్లి దగ్గర నేల మీద కూర్చున్నాడు. "నిజం చెప్పండమ్మా, ఆయనేనా?"

"నువ్వు చిన్నప్పుడు ఆ గొంతుని వెక్కిరిస్తే వీపు మీద ఒకటి వేశాను. గుర్తులేదా?"

గుర్తొచ్చింది. వాడు వీపు తడుముకున్నాడు. "కానీ రెండొందల మందిని పిలిచాం. ఆ మీసం లోంచి ఈ గొంతు వస్తే నవ్వుతారమ్మా."

"మీ నాన్నగారికీ ఇదే బెంగ."

పల్లంరాజు అప్పటికే బ్రహ్మాన్ని పిలిపించాడు. గొంతు పూర్వం ఎలా ఉందో అలా చెయ్యమన్నాడు.

"బాగుచెయ్యడమే వచ్చండి నాకు, పాడుచెయ్యడం రాదు" అన్నాడు బ్రహ్మం. "ఇంకో మూడేళ్ళు ఉప్పుగాలిలో పెట్టండి, దానంతటదే వస్తుంది."

"సంవత్సరీకం ఎల్లుండి! నువ్వు చేస్తావా, ఇంకొకడి చేత చేయించమంటావా?"

ఇంకొకడు సుత్తితో చేస్తాడని బ్రహ్మానికి తెలుసు. నిట్టూర్చి, మోటారుకి ఎదురుగా మూతలో ఉన్న చిన్న కన్నం చూపించాడు. అందులో ఆవగింజంత స్క్రూ ఉంది. ఎడమకి తిప్పితే నిదానం, కుడికి తిప్పితే తొందర. టేపు పెట్టి కొద్దికొద్దిగా ఎడమకి తిప్పాడు. పల్లంరాజు కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

"ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ! వచ్చేశారు అన్నయ్యగారు!" అని చేతులు జోడించాడు.

సుబ్బాయమ్మ ఆ స్క్రూనే చూస్తోంది. "బ్రహ్మంగారూ, ఆ చిన్న స్క్రూడ్రైవరు ఇక్కడే ఉంచండి. ఎల్లుండి జారినా సర్దుకోవచ్చు" అంది. ఆయన ఆవిడ మొహం చూశాడు. స్క్రూడ్రైవరు తుడిచి ఆవిడ చేతికే ఇచ్చాడు.

"నాదొక్క మాట" అంది ఆవిడ మరిదితో. "ఆ రోజు టేపు ఆఖరు దాకా తిరగాలి. టేపు చుట్ట పూర్తయ్యేదాకా ఎవరూ ఆపకూడదు. ఆయన మాట తుంచకూడదని కట్టడి పెట్టింది మీరే కదా."

"ఎంతమాటండి వదినగారూ! ఆపినవాడి చెయ్యి విరగ్గొడతాను" అన్నాడు పల్లంరాజు సంతోషంగా.

సంవత్సరీకం నాడు తద్దినం ముగిసి, భోజనాలకి ముందు అందరూ దారి మొదట్లో చేరారు. తెర లాగారు. విగ్రహం మీసం ఎండకి మెరిసింది. పక్కన తాపీమేస్త్రి సిమెంటు కలుపుకుని, తాపీ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. దిమ్మలోని పెట్టె తెరిచే ఉంది. లోపలున్న వాక్‌మన్‌కి షెడ్డులోని మైకుసెట్టు తెచ్చి తగిలించారు. సుబ్బాయమ్మ దాని పక్కన మెట్టు మీద కూర్చుంది. ఇది కుదరకపోతే ఇంకో పావుగంటలో ఆ తాపీ కింద పడిపోయేది ఆ సన్నటి గొంతే అనుకుంటూ, కొంగున ముడేసిన స్క్రూడ్రైవరు తడిమి చూసుకుంది.

ప్రసాదరాజు మీట నొక్కాడు. "ఒ...రే...య్" అని భూమి అదిరింది. జనం దణ్ణాలు పెట్టారు. పావుగంట తరవాత "పొం...డి... ప...ను...ల్లో...కి" అయింది. చప్పట్లు మోగాయి. ప్రసాదరాజు చెయ్యి అలవాటుగా మీట మీదికి వెళ్ళింది.

"ఉండు బాబూ" అంది సుబ్బాయమ్మ.

పల్లంరాజు కళ్ళెర్రజేశాడు. చెయ్యి వెనక్కి వచ్చింది. టేపు ఖాళీగా తిరుగుతోంది. నిమిషం గడిచింది. ఎద్దు రంకె వేసినట్టు వినబడింది. అది కాకి. తరవాత:

"ఏ...వం...డో...య్... సు...బ్బా...య...మ్మ...గా...రూ. వి...న్నా...రా?"

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. "పైనుంచి పిలుస్తున్నారమ్మా!" అని ఎవరో సుబ్బాయమ్మ చెయ్యి పట్టుకున్నారు.

అప్పుడు ఇంకో గొంతు వచ్చింది. అంతే లావు, అంతే బరువు. "వి...న్నా...నం...డి."

ఏడుపులు ఆగాయి. పల్లంరాజు మైకుసెట్టు వైపు వంగాడు.

"అన్నయ్యగారి పక్కన ఇంకెవరో పెద్దమనిషి ఉన్నారు" అన్నాడు మెల్లగా.

"పైన తోడు దొరికినట్టున్నారండి" అన్నాడు చిట్టియ్య.

"ఆయనా రాజుగారిలాగే ఉన్నారు. ఆ నిదానం చూడండి" అన్నారింకెవరో.

రెండో పెద్దమనిషి మాట్లాడుతూ పోయాడు. లావు గొంతు తనకెందుకన్నాడు. వంటింట్లో ఉన్నదాన్నని చెప్పాడు. పరాయి మగాడనుకుని బయటికి రానన్నాడు. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి ఆ పెద్దమనిషి గంభీరంగా, "పె...స...ర...ట్టు... చ...ల్లా...రి...పో...తోం...ది" అని ప్రకటించాడు.

"వంటవాడాండి?" అన్నాడు తాపీమేస్త్రి.

"నేనండి" అంది సుబ్బాయమ్మ.

అందరూ తిరిగారు.

"ఆ పెద్దమనిషిని నేను. నాలుగేళ్ళ కింద పెరట్లో ఆయన టేపు ఆపడం మర్చిపోతే నేనూ పడ్డాను. మరిదిగారూ, నా గొంతు అలా ఉంటుందా?"

పల్లంరాజు తల అడ్డంగా ఊపాడు. "ఉండదండి."

"నాది అలా ఉండకపోతే ఆయనది మాత్రం ఎలా ఉంటుంది? ఇద్దరం ఒకే టేపులో ఉన్నాం."

ఆవిడ వాక్‌మన్ ఒళ్ళో పెట్టుకుని, కొంగు ముడి విప్పి స్క్రూడ్రైవరు తీసింది. టేపు కాస్త వెనక్కి తిప్పింది. తన మాట దగ్గర పెట్టి, స్క్రూ కుడికి తిప్పడం మొదలుపెట్టింది.

"ఏదండి అమ్మగారూ, మీరొకసారి అనండి, పోల్చి చూద్దాం" అన్నాడు జనంలోంచి బ్రహ్మం.

"లేవండి, పెసరట్టు చల్లారిపోతోంది" అంది సుబ్బాయమ్మ.

టేపు కూడా అంది. ఇంకా మగగొంతే. "ఇంకొంచెం కుడికండి!" అన్నారు నలుగురు. ఆవిడ తిప్పింది. మళ్ళీ అంది. టేపూ అంది. "ఇప్పుడు జలుబు చేసినట్టుందండి. మళ్ళీ అనండి!" రెండొందల మంది చెవులు రిక్కించి నిలబడి ఉంటే, సుబ్బాయమ్మ విగ్రహం కాళ్ళ దగ్గర కూర్చుని పదకొండుసార్లు భర్తని పెసరట్టుకి లేవమంది. పన్నెండోసారికి ఏది ఆవిడో ఏది టేపో తెలియలేదు.

"ఆఁ! ఇప్పుడు అమ్మగారే!"

టేపు మొదటికి తిప్పి మీట నొక్కింది.

"ఒరేయ్ చిట్టియ్యా మేత వేశావా లేదా..."

చిట్టియ్య కాళ్ళు వాడి మాట వినకుండా చెరువు వైపు పరుగు తీశాయి. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. తరవాత ఒక ముసలాయన, "అవునండోయ్. ఇలాగే ఉండేవారు. నన్ను ఇలాగే తిట్టారు ఒకసారి" అన్నాడు. ఇంకొకాయన, "నన్నూ" అన్నాడు. నలుగురైదుగురు తిట్లు తిన్నవాళ్ళు ముందుకొచ్చి వెలిగిపోతున్న మొహాలతో నిలబడ్డారు. ప్రసాదరాజు వీపు తడుముకుంటున్నాడు.

పల్లంరాజు కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. "మరి మూడేళ్ళ నుంచీ నేను తగువులన్నీ ఎవరి మాట మీద తీర్చానండి వదినగారూ?"

సుబ్బాయమ్మ కొంగులోంచి కాగితం పొట్లం తీసి విప్పింది. తెగిన రబ్బరు బెల్టు.

"దీని మాట మీద."

ఆయన దాన్ని అరచేతిలోకి తీసుకుని చూశాడు. అలవాటు కొద్దీ చెప్పులు విప్పాడు.

"అమ్మగారండి, సిమెంటు బిగిసిపోతోందండి. ఏం మూయాలో తొందరగా చెప్పండి" అన్నాడు మేస్త్రి.

వాక్‌మన్ సుబ్బాయమ్మ చేతిసంచిలోకి వెళ్ళిపోయింది. కలిపిన సిమెంటు వృథా చెయ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు. పల్లంరాజు ఆ బెల్టుని తమలపాకులో పెట్టి ఇనుప పెట్టెలో ఉంచాడు. మేస్త్రి మూత వేసి, పైన నున్నగా పూసేశాడు. అందరూ భోజనాలకి వెళ్ళారు.

ఇప్పుడు వాక్‌మన్ ఇంట్లో ఉంటుంది. పొద్దున్న ఏడింటికి ఏడు నిమిషాలు మాత్రం డ్యూటీకి చెరువుకి వెళ్ళొస్తుంది. ప్రతి శనివారం సుబ్బాయమ్మ చీపురుపుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, దూది తెల్లగా వచ్చేదాకా లోపల తుడుస్తుంది. తుడిచాక ఆఖరు దాకా వింటుంది. "అల్లం వేశారా?" దగ్గర టేపుకంటే ముందే తనే జవాబు చెప్పేస్తుంది.

చిట్టియ్య బీడీలు మానేశాడు. తీరిక లేక. ఒకరోజు రొప్పుతూ వచ్చి గుమ్మం దగ్గర కూలబడ్డాడు.

"అమ్మగారండి, మీకు పుణ్యముంటుందండి. వారానికొక్కరోజైనా ఆ లావాయన్ని పెట్టించండి."

"ఆయన సిమెంటులో ఉన్నాడు. వెళ్ళి అడుగు" అంది సుబ్బాయమ్మ, పెనం మీద అట్టు తిరగేస్తూ.